మూడడుగుల సంతకం

పట్టపగలు, అందరూ చూస్తుండగా, ఒక బ్యాంకు పని మొత్తాన్ని బియ్యప్పిండితో ఆపేసిన మనిషి మన గోదావరి జిల్లాల్లో నేనొక్కదాన్నే అయ్యుంటాను. దొంగలైతే ఆ పనికి కత్తులో తుపాకులో పట్టుకెళ్ళాలి. నాకు బి.కాం. డిగ్రీ సరిపోయింది. ఆ రోజు నేను చేసిన ఘనకార్యానికి ఒక క్యాషియరు కుర్చీ ఎక్కాడు. ఒక రైతు తన చెప్పులు చేత్తో పట్టుకుని గోడకి అతుక్కుపోయాడు. నా పరువు ఏమైందో చివర్లో చెబుతాను. ముందే చెప్పేస్తే మీరు మిగతాది చదవరు.

పాప పడుకుంది. అది బాగానే పడుకుంది గానీ, నేనే నాలుగుసార్లు లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. నాలుగోసారి అది కళ్ళు తెరిచి, ఈవిడకి వేరే పనేమీ లేదా అన్నట్టు చూసి మళ్ళీ మూసుకుంది. నిజమే కదా అనిపించి, పని కల్పించుకుందామని కాగితం, కలం ముందేసుకున్నాను. ఇన్నాళ్ళకి పుట్టిన పిల్ల. తుమ్మితే భయం, తుమ్మకపోతే ఎందుకు తుమ్మలేదా అని భయం. ఇలాంటప్పుడు నాకు మండపేట నూకరత్నం గుర్తొస్తుంది. ఆవిడ పక్కనుంటే ఏడుపు వినగానే ఇది కడుపునొప్పా, చెవిపోటా, వట్టి పెంకితనమా అని వాకిట్లోంచే చెప్పేసేది.

ఆరేళ్ళ కిందటి మాట. రాజమండ్రిలో ఆడపిల్లల కాలేజీలో చదువు ముగించుకుని, మండపేటలో కాపురానికి వచ్చిన కొత్త. మావారు ఒక రైసుమిల్లులో సూపర్‌వైజరు. మిల్లు వెనకే ఇల్లు. తెల్లవారుతుండగా ధాన్యం ఉడికే ఆవిరి తిన్నగా మా వంటింట్లోకి వచ్చేసేది. అప్పుడు ఆ వాసన పడక కిటికీ మూసేదాన్ని. ఇప్పుడు తణుకులో, ఈ మేడమీది గదుల్లో, కిటికీ తెరుచుకుని కూర్చుంటున్నాను. ఇక్కడ చెరుకు సీజన్లో పాకం వాసన వస్తుంది. మంచి వాసనే. కానీ అది వచ్చినప్పుడు నాకెవరూ గుర్తురారు.

సరే, కథలోకి వద్దాం. ఊళ్ళో అప్పుడే ఒక బ్యాంకు శాఖ తెరిచారు. దాని మేనేజరుగారు మిల్లుకి వచ్చి, ఇక్కడ పనిచేసే ఆడవాళ్ళకి పొదుపు గురించి ఎవరైనా నాలుగు మంచి మాటలు చెబితే అందరిచేతా ఖాతాలు తెరిపిస్తానన్నారట. పక్కనే ఉన్న మావారు, "మా ఇంట్లో ఒక బి.కాం. ఉందండి" అన్నారట, వాడకుండా పడున్న సైకిలు ఉందని చెప్పినట్టు. సాయంత్రం ఇంటికొచ్చి నాకా సంగతి చెబితే, మా అత్తగారు చేటలో బియ్యం ఏరుతూ తలెత్తకుండా, "దీనికి ఇంట్లో పోపుల డబ్బా ఎక్కడుందో తెలీదు. ఊరందరికీ పొదుపు చెబుతుందా?" అన్నారు. ఆ ఒక్క మాటతో నాకు పట్టుదల వచ్చేసింది.

పదకొండు పేజీల ఉపన్యాసం రాసుకున్నాను. మిల్లు వెనక ధాన్యం ఆరబోసే గచ్చు ఉంటుంది. అర ఎకరం సిమెంటు నేల. ఉడికిన ధాన్యం పరిచి, ఆడవాళ్ళు గంటకోసారి కాళ్ళతో వరసలు తీస్తూ తిరగేస్తారు. మధ్యాహ్నం అన్నాలయ్యాక మళ్ళీ తిరగేసే దాకా కాస్త తీరిక. ఆ తీరికలో, గోడ నీడలో నా పాఠం. పద్నాలుగు మంది కూర్చున్నారు. నేను నిలబడి నలభై నిమిషాలు మాట్లాడాను. వాళ్ళు రెప్ప వేయకుండా విన్నారు. సందేహాలుంటే అడగమన్నాను. వీరమ్మ అనే చిన్నావిడ చెయ్యెత్తి, అన్నం తిన్నారా అని అడిగింది.

రెండో రోజు చక్రవడ్డీ. నూరు రూపాయలు నూటికి రెండు చొప్పున తీసుకుంటే మూడేళ్ళకి ఎంతవుతుందో గచ్చు మీద బొగ్గుతో లెక్క వేసి చూపించబోయి, రెండో ఏడు దాటేసరికి తడబడ్డాను. వెనక కూర్చున్న నూకరత్నం తమలపాకుకి సున్నం రాసుకుంటూ నోటితో మొత్తం చెప్పేసింది. ఆవిడ ఆ జట్టుకి పెద్ద. నలభై దాటిన మనిషి, పొడగరి, భర్త పోయి పదేళ్ళు. నేను బొగ్గు పక్కన పెట్టి, ఇంత లెక్క ఎలా వచ్చిందని అడిగాను.

"మీరు చదూకున్నారండి. మేం కట్టామండి" అంది.

ఆ రోజుతో నా పదకొండు పేజీలూ మడిచేశాను. మీకు ఏం నేర్పమంటారని వాళ్ళనే అడిగాను. నూకరత్నం చుట్టూ ఒకసారి చూసి, సంతకం నేర్పమంది. ఖాతా తెరవడానికి వేలిముద్ర చాలు కదా అన్నాను. అప్పుడు ఆవిడ తన కుడిచెయ్యి ముందుకు చాపి బొటనవేలు చూపించింది.

"ఈ ఏలు ఒక్కసారి ఇచ్చానండి. మా మరిది కాయితం తెచ్చి, ఇంటి కాయితాలు నా దగ్గరైతే భద్రం వొదినా, ఇక్కడ ముద్రెయ్యి అన్నాడు. ఏశాను. పాతిక సెంట్లు పోయిందండి. ఇల్లున్న ముక్క మిగిలింది. మళ్ళీ ఎవరికీ ఏలివ్వనని ఆ రోజే అనుకున్నాను. బ్యాంకోళ్ళకైనా, బగమంతుడికైనా."

ఆ మాటతో మిగతా పదముగ్గురూ కూడా సంతకమే కావాలన్నారు.

ఇక చూసుకోండి నా ఉత్సాహం. పద్నాలుగు పలకలు, రెండు పెట్టెల బలపాలు తెప్పించాను. వడ్లు చెరిగి, బస్తాలు ఎత్తిన చేతులవి. బలపం ఆ వేళ్ళ మధ్య అప్పడం ముక్కలా పటుక్కున విరిగేది. నాలుగు రోజుల్లో ఒక పెట్టె పూర్తిగా విరిగింది. రెండో పెట్టె ఎక్కడా కనిపించలేదు. వీరమ్మ నేలచూపులు చూస్తుంటే అనుమానం వచ్చి అడిగాను. ఆవిడకి ఐదో నెల. పెట్టెడు బలపాలూ తినేసింది. "మంచియండి, రాజమండ్రియి కదా" అని మెచ్చుకుంది కూడా.

ఆ బెంగలో ఉండగా ఒక ఉదయం పాలకి వెళుతూ నూకరత్నం వాకిలి ముందు ఆగాను. తాటాకు ఇల్లు, ముందు పేడతో అలికిన చిన్న వాకిలి. ఆవిడ నడుం వంచి ముగ్గు వేస్తోంది. ముందు చుక్కలు పెట్టింది. తర్వాత వేళ్ళ సందులోంచి పిండి దారంలా జారుతుంటే, ఎక్కడా ఆగకుండా, ఎక్కడా చెరపకుండా, చుక్కలన్నిటినీ చుట్టేసి మొదలుపెట్టిన చోటికే వచ్చి కలిపింది. రెండు నిమిషాలు పట్టలేదు. బలపాన్ని పటుక్కున విరిచే చెయ్యి అదే. పాలగిన్నె అక్కడే వదిలేసి మిల్లుకి పరిగెత్తాను. ఆ గిన్నె మూడు రోజుల తర్వాత దొరికింది. మా అత్తగారు దాని గురించి మూడు నెలలు మాట్లాడారు.

నా ఆలోచన మీకు అర్థమయ్యే ఉంటుంది. అక్షరాన్ని ముగ్గు చేసేశాను. మిల్లులో నూకలకి కొదవలేదు. నూకలు విసిరించి పిండి చేయించాను. ధాన్యం ఎత్తేసిన వైపు గచ్చు మీద ఒక్కొక్కరి పేరుకీ చుక్కలు లెక్కగట్టి, వాటిని ఏ వరసలో చుట్టాలో వేసి చూపించాను. నూకరత్నం పేరుకి ఇరవై ఒక్క చుక్క. మొదటి మూడక్షరాలూ ఆవిడ ఒక్క పూటలో పట్టేసింది. చివరి అక్షరం దగ్గర తల గోక్కుని, ఇదెవరో కావాలని మెలిపెట్టారండి అంది. అదీ వారంలో వచ్చేసింది. నెల తిరిగేసరికి పద్నాలుగు మందికీ వచ్చేసింది. మధ్యాహ్నం ఎండలో ఆ సిమెంటు నేల నిండా పద్నాలుగు పేర్లు తెల్లగా మెరుస్తుండేవి. ఒక్కొక్కటి మూడడుగుల పొడవు.

అందులోనూ కొన్ని ఇబ్బందులొచ్చాయి. ఒకావిడ నాకెదురుగా నిలబడి నేర్చుకోవడం వల్ల తన పేరు తలకిందులుగా తప్ప వెయ్యలేకపోయేది. వీరమ్మ తన పేరు చివర ఒక చిలకను వేసేది. సంతకంలో చిలక ఉండకూడదని చెప్పాను.

"మరి చిలక లేకపోతే అది నాదని ఎలా తెలుత్తాదండి?" అంది.

కాలేజీలో మూడేళ్ళు వాణిజ్యశాస్త్రం చదివాను. చిలకల సంగతి అందులో ఎక్కడా రాలేదు.

ఆ మధ్యాహ్నాల గురించి ఎంత రాసినా నాకు తనివి తీరదు. పాఠం పావుగంట, కబుర్లు ముప్పావుగంట. వాళ్ళు నాకు మాగాయ టెంక చీకుతూ చద్దన్నం తినడం నేర్పారు. అత్తగారి మాట ఏ చెవితో వినాలో నేర్పారు. నన్ను పంతులమ్మగారూ అని పిలిచేవారు. నేను రావడం ఆలస్యమైతే నీడ జరిగిన కొద్దీ నా పీట జరుపుతూ ఉండేవారట. ఎండ తగలకుండా నా కోసం నీడను పట్టి ఉంచిన మనుషులు మళ్ళీ నాకు దొరకలేదు. ఇక్కడ తణుకులో అందరూ మంచివాళ్ళే. మెట్ల మీద ఎదురైతే పాప ఎలా ఉందండీ అని అడుగుతారు. బాగుందండీ అంటాను. వాళ్ళు కిందికి, నేను పైకి.

ఇంతకీ, చదివేవాళ్ళలో తెలివైనవాళ్ళు ఈపాటికే ఒక సంగతి పట్టేసి ఉంటారు. మావారు కూడా పట్టారు. ఒకరోజు గచ్చు మీద నడుం మీద చేతులేసుకుని నిలబడి, పేర్లన్నీ చదివి, "బాగానే ఉంది. మరి వీళ్ళకి కలం పట్టుకోవడం వచ్చా?" అన్నారు.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. "అసలు కష్టం అక్షరంతో. కలానిదేముంది, ఆఖరి రోజు ఒక్క పూటలో చెప్పేస్తాను" అన్నాను. ఆ ఊపులోనే మేనేజరుగారికి చక్కటి ఇంగ్లీషులో ఉత్తరం రాసి పంపాను, పద్నాలుగు మందికీ సంతకం వచ్చునని, వేలిముద్రల అవసరం ఇక ఈ మిల్లులో లేదని.

ఆఖరి రోజు రాకముందే నూకరత్నం వచ్చింది. వేసవి మధ్యలో ఒక ఉదయం, జుట్టు ముడైనా సరిగా వేసుకోకుండా, మా పెరటి గుమ్మంలో నిలబడింది. ముందురోజు గేదెను అమ్మిందట. పన్నెండు వందలు రొంటిని దోపుకునుంది. వానలు పడేలోగా తాటాకు తీసేసి ఇంటికి పెంకు వేయించాలని ఆవిడ కోరిక. పెంకుల బట్టీ అతను సరుకు నెల తర్వాత ఇస్తానన్నాడు. ఈలోగా గేదె అమ్మిన సంగతి మరిదికి తెలిసిపోయింది. సాయంత్రం వస్తానని కబురు పెట్టాడు, ఆడదానివి ఒక్కదానివీ ఇంట్లో అంత డబ్బు ఉంచుకోవద్దు, నేను భద్రం చేస్తానని.

"వస్తే నేను కాదనలేనండి. ఇంటి మగోడు. పది మందిని తెత్తాడు" అంది నూకరత్నం. "సాయంకాలానికి ఈ డబ్బు నా దగ్గరుండకూడదండి. బ్యాంకులో ఉండాలి. నా సంతకానికి తప్ప ఎవరికీ రాకూడదు."

ఇంతకన్నా మంచి పరీక్ష ఏముంటుందనుకున్నాను నేను. పట్టుచీర కట్టుకున్నాను. బ్యాంకుకి పట్టుచీర ఎందుకని అత్తగారు అడిగితే, ఇది చిన్న విషయం కాదన్నాను. ఆ ఒక్క మాట మాత్రం నిజమైంది.

బ్యాంకులో మేనేజరుగారు లేచి నిలబడి మాకు కుర్చీలు వేయించారు. ఆయన కొంచెం వయసున్న మనిషి, మెత్తగా మాట్లాడతారు. నా ఉత్తరం గుమాస్తాలకి చదివి వినిపించానని చెప్పారు. ఫారం నేనే నింపాను. ఇక సంతకం ఒక్కటే మిగిలింది. గుమాస్తా ఫారంలో ఒక గడి చూపించి, నూకరత్నం చేతికి కలం ఇచ్చాడు. ఆ గడి రెండు వేళ్ళ వెడల్పు, ఒక వేలు ఎత్తు.

నూకరత్నం కలాన్ని ముగ్గుపిండి పట్టినట్టు, పాళీ దగ్గర మూడు వేళ్ళతో చిటికెడు పట్టుకుంది. కాగితానికి జానెడు ఎత్తున ఉంచింది. సిరా జారుతుందని చూసింది. జారలేదు. వేళ్ళు కొంచెం నలిపింది. అయినా జారలేదు. అప్పుడు నా వైపు తిరిగి, చాలా మర్యాదగా, గొంతు తగ్గించి అడిగింది.

"ఇందులో పిండి అయిపోయిందేమోనండి, పంతులమ్మగారూ."

నా పట్టుచీర లోపల చెమట కారడం మొదలైంది. కలం ఎలా పట్టుకోవాలో చూపించాను. పట్టుకుంది. కుర్చీలో కూర్చుని రాయడం చేతకాక ఫారం తీసి నేల మీద పెట్టి, లేచి, నడుం వంచింది. గడిని వేలితో కొలిచింది. ఇందులో నా పేరు పట్టదండి, చుక్కలే పట్టవు అని చెప్పి నిటారుగా నిలబడింది.

గుమాస్తా విసుగ్గా లేచి సిరా దిమ్మ తెచ్చి మూత తీశాడు. వేలు పెట్టెయ్యమ్మా, రెండు గంటలకి కౌంటరు మూసేస్తాం అన్నాడు. ఆ దిమ్మను చూడగానే నూకరత్నం రెండు చేతులూ వీపు వెనక్కి పెట్టేసుకుంది. మొహం మాడిపోయింది. అంత పెద్ద మనిషి ఒక్క క్షణంలో చిన్నపిల్లలా అయిపోయింది. నేను తప్పు చేశానని నాకు అప్పుడు తెలిసింది. అప్పటిదాకా నాది పొరపాటనే అనుకుంటున్నాను.

మేనేజరుగారు గది లోంచి వచ్చారు.

"ఏంటమ్మా, సంతకం వచ్చునని మీరే రాశారు కదా?"

"వచ్చునండి" అన్నాను.

"మరి?"

"నేల మీద వచ్చునండి."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. కళ్ళజోడు తుడిచినంత మాత్రాన వినపడింది మారదు కదా పాపం. నేల మీదేంటమ్మా అని ఆయన అడుగుతుండగానే నూకరత్నం చెంగు ముడి విప్పింది. సంతకం పెట్టాలి కదా అని ఇంటి నుంచి దోసెడు పిండి కట్టి తెచ్చుకుందట. కొంచెం జరగండి బాబూ అని, కౌంటరు ముందు నిలబడ్డ వాళ్ళందరినీ వాకిట్లో కోళ్ళను తోలినట్టు పక్కకి తోలింది. ధాన్యం డబ్బు కట్టడానికొచ్చిన ఒక రైతు ముగ్గు తొక్కకూడదని చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని గోడకి ఆనుకున్నాడు. క్యాషియరుకి లోపల్నుంచి కనబడక కుర్చీ ఎక్కాడు. డబ్బు లెక్క ఆగిపోయింది. టైపు మిషను ఆగిపోయింది.

ఇరవై ఒక్క చుక్క పెట్టింది. తర్వాత నడుం వంచి, వెనక్కి అడుగులేస్తూ, ఒక్క ఊపిరిలో, నూకరత్నం అని రాసేసింది. పాలిష్ చేసిన బ్యాంకు గచ్చు మీద, మూడడుగుల పొడవున, వంకర లేదు, తునక లేదు. రాశాక చేతులు దులుపుకుని మేనేజరుగారి వైపు చూసింది.

ఆయన చేతులు వెనక కట్టుకుని దాని చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. అక్షరం అక్షరం చదివారు.

"సంతకమే" అన్నారు. "ఇందులో సందేహం లేదు. కానీ దీన్ని నేను ఫైల్లో ఎలా పెట్టనమ్మా?"

ఎవరూ నవ్వలేదు. రైతు మాత్రం, పెద్ద కాగితం ఏమైనా ఉందేమో చూడండి అన్నాడు గోడ దగ్గర్నుంచే. మేనేజరుగారు తన గదిలోకి వెళ్ళి, గోడకున్న పోయినేటి క్యాలెండరు తీసుకొచ్చి, వెనక్కి తిప్పి నేల మీద పరిచారు. గుమాస్తా చెవి మీద ఒక నీలం పెన్సిలు ముక్క ఉంది, చిటికెన వేలంత. ముగ్గుపిండి పట్టే ఆ మూడు వేళ్ళ మధ్య అది సరిగ్గా ఇమిడింది. నూకరత్నం చుక్కలు పెట్టింది, చుట్టింది, ముగించింది. గుమాస్తా వంగి చూసి, పేరు సరేగానీ ఈ చుక్కలు చెరిపేయాలన్నాడు.

"చుక్కలు ఉండాలి" అన్నారు మేనేజరుగారు. "చుక్కలు లేకుండా ఎవరు సంతకం తెచ్చినా ఈ ఖాతాలోంచి రూపాయి ఇవ్వకు."

నూకరత్నం మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. క్యాలెండరు నాలుగు మడతలు పెట్టి ఫారానికి గుండుసూదితో గుచ్చారు. ఇంకా ఇరవై నిమిషాలుంది. నేను పట్టుచీర సర్దుకుని ఊపిరి పీల్చుకున్నాను.

ఇక్కడితో కథ అయిపోతే నేనిది ఏనాడో అందరికీ గొప్పగా చెప్పుకుని ఉండేదాన్ని. ఖాతా తెరవాలంటే, ఈమె నాకు తెలుసు అని బ్యాంకులో అప్పటికే ఖాతా ఉన్నవాళ్ళెవరైనా సంతకం చెయ్యాలి. నాకుంది. పెళ్ళైన కొత్తలో, ఈ శాఖ తెరిచిన వారంలోనే మావారు తెరిపించారు. కలం తీసుకుని, నూకరత్నానికి కలం పట్టడం ఇలా అన్నట్టు చూపిస్తూ, చకచకా సంతకం చేశాను. గుమాస్తా నా కార్డు తీసి పక్కన పెట్టి చూసి, దాన్ని మేనేజరుగారికిచ్చాడు. ఆయన నా వైపు ఇబ్బందిగా చూశారు. సంతకం కలవలేదు.

కార్డు మీద ఉన్నది కొత్త పెళ్ళికూతురి సంతకం. సిగ్గుతో ముడుచుకుని, చివర ఒక మెలిక తిరిగి, పుట్టింటి ఇంటిపేరులో మొదటి అక్షరంతో ఉంది. ఇప్పుడు నేను చేసింది పంతులమ్మ సంతకం. రెండోసారి పుట్టింటి అక్షరం పెట్టి చేశాను. మెలిక మర్చిపోయాను. మూడోసారి మెలిక మరీ ఎక్కువై సంతకం కాస్తా జాంగ్రీలా వచ్చింది. మూడు మూడు రకాలుగా ఉన్నాయి. ఆ మూడింట్లో ఒక్కటీ కార్డు మీదిది కాదు. సంతకం మార్చుకుంటానండీ అన్నాను. మార్చుకోవచ్చమ్మా, దరఖాస్తు పెట్టాలి, దాని మీద పాత సంతకం చెయ్యాలి అన్నారాయన. మావారిని పిలిపిద్దామంటే ఆయన ధాన్యం లారీతో వెళ్ళారు. గడియారం రెండుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. సాయంత్రం మరిది వస్తాడు.

"ఒక్కటే మార్గం ఉందమ్మా" అని మేనేజరుగారు నేల వైపు చూస్తూ అన్నారు. "మీరెవరో నాకు తెలుసు కాబట్టి, నా ఎదురుగా వేస్తే..."

గుమాస్తా సిరా దిమ్మను నా వైపు జరిపాడు.

నేను దాని వైపు చూశాను. రాజమండ్రిలో నాకు పాఠాలు చెప్పిన మేడమ్‌లందరూ వరసగా కళ్ళ ముందుకొచ్చి మొహం తిప్పుకుని వెళ్ళిపోయారు. ఇంగ్లీషులో నేను రాసిన ఉత్తరం బల్ల మీదే ఉంది, వేలిముద్రల అవసరం ఇక లేదంటూ. నాకు తెలియకుండానే నా చేతులు రెండూ వీపు వెనక్కి వెళ్ళాయి.

అప్పుడు నూకరత్నం నా పక్కకి వచ్చింది. వెనక నుంచి నా కుడిచెయ్యి మెల్లగా తీసి ముందుకు తెచ్చింది. ఆ అరచెయ్యి ఎంత గరుకుగా, ఎంత వెచ్చగా ఉందో నాకింకా తెలుస్తూనే ఉంది.

"సిగ్గుపడకండి, పంతులమ్మగారూ" అంది. "ఏసెయ్యండి. ఆ కాయితంలో ఏముందో నాకు తెలుసు. పక్కన నేనున్నాను కదండీ."

వేశాను. నా బొటనవేలిని ఆవిడే దిమ్మ మీద అటూ ఇటూ దొర్లించి, ఆవిడే ఫారం మీద ఒత్తింది. ఆ విధంగా మండపేటలోని ఒక బ్యాంకులో ఒక ఖాతా ఫారం ఉంది. దాని మీద, మిల్లులో ధాన్యం తిరగేసే నూకరత్నం సంతకం. దాని కింద, ఆవిడకి చదువు చెప్పిన బి.కాం. వేలిముద్ర.

సాయంత్రం మరిది వచ్చాడు. నూకరత్నం పాసుపుస్తకం చూపించి, డబ్బు భద్రంగా ఉంది, కావాలంటే నా చుక్కలు నువ్వు పెట్టి తెచ్చుకో అందట. అతను ఎంతసేపు నిలబడ్డాడో, ఏమన్నాడో వీరమ్మ నాకు రెండు రోజులు అభినయించి చూపించింది. పెంకులూ వచ్చాయట, పైకప్పూ లేచిందట. అంతా వినికిడే. వానలకి ముందే మావారికి తణుకులో ఉద్యోగం వచ్చి మేము సామాను లారీకెత్తేశాం. ఆ ఇంటి మీద మొదటి వాన పడినప్పుడు పెంకుల మీద ఎలాంటి చప్పుడయిందో నేను వినలేదు. ఉత్తరం రాసి అడుగుదామంటే, ఆవిడకి చదవడం వచ్చిన అక్షరాలు నాలుగే. ఆ నాలుగూ ఆవిడ పేరే.

కనుక దేవుడి సాక్షిగా, పూర్తి స్పృహలో ఉండి, ఎవరి బలవంతమూ లేకుండా ఈ ప్రమాణం చేస్తున్నాను. కలం చేతికివ్వకుండా ఇక నేనెవరికీ సంతకం నేర్పను. నా సంతకం కుదురుగా ఒక్కలాగే చేసుకోవడం వచ్చేదాకా ఎవరికీ ఏదీ నేర్పను. బ్యాంకుకి పట్టుచీర కట్టుకుని అసలే వెళ్ళను.

ఇలాంటి ప్రమాణాలకి కింద ఒక సాక్షి సంతకం కూడా ఉండాలంటారు. అందుకు మాత్రం నేను పాపను ఎత్తుకుని, ఒక పాత క్యాలెండరు చంకన పెట్టుకుని, గోదావరి దాటి వెళ్ళాలి.